గొంగడి పరిచిన చోటు

"మీ మంద పెట్టించుకున్న పాపానికి నా చేను బూడిదైపోయింది. ఇదిగో, తిను!" అంటూ వెంకాయమ్మ గుప్పెడు మట్టి తీసి రవళి మొహాన కొట్టింది.

మట్టి కళ్ళలో పడింది. రవళి చున్నీతో తుడుచుకుంటుంటే చుట్టూ మూగిన ముక్తేపాడు జనంలో ఒక్కరూ అయ్యో అనలేదు. పైగా వెనక నుంచి ఎవరో "ఇంకో గుప్పెడు కొట్టవే" అని ఎగదోశారు. పంచాయతీ ఆఫీసు ముందు కరెంటు స్తంభానికి ఆమె తండ్రి బీరయ్య వ్యాన్‌ని గొలుసేసి కట్టేశారు. పక్కనే కంప లోపల మంద మొత్తం మేత లేక అరుస్తోంది. బీరయ్య గోడ నీడన గొంతుక్కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, భుజం మీది గొంగడి మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. తమ్ముడు శ్రీశైలం ఫోన్ చేసి "అక్కా, నాయినను ఆపిన్రు, జల్ది రా" అంటే హైదరాబాదు నుంచి పరుగున వచ్చింది రవళి. ఏదో దొంగతనం నింద అయి ఉంటుంది, నాలుగు మాటలని విడిపించుకుపోదాం అనుకుంది. ఇక్కడికొస్తే సంగతి వేరే.

బీరయ్యది పాలమూరు. అక్కడ గడ్డి ఎండగానే మందను తోలుకుని కృష్ణ దాటి ఈ నల్లరేగడి చేలకు రావడం వాళ్ళ తాతల నాటి అలవాటు. కోతలైన చేలో రాత్రిళ్ళు గొర్రెల్ని పడుకోబెడితే పెంటికలూ మూత్రమూ ఇంకి, వానాకాలం పంట విరగకాస్తుంది. అందుకే రైతులు పిలిచి మరీ మంద పెట్టించుకుంటారు, వెళ్ళేటప్పుడు గింజలిస్తారు. మంద రోజూ ఒకే చోట ఉండదు. ఇవాళ ఈ మూల, రేపు దాని పక్కన, అలా జరుపుకుంటూ చేను మొత్తం తిప్పాలి. ఒక్క అడుగు వదిలేసినా బీరయ్యకు మనసొప్పదు. బీరయ్య మంద పెట్టిన చేను అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇక మాట్లాడేదేం లేదు.

అలాంటిది నిరుడు వెంకాయమ్మ చేలో మంద పెట్టాక మిరప నారు నాటితే నాటినట్టే మాడింది. ఆమె మళ్ళీ నాటింది. మళ్ళీ మాడింది. పత్తి వేస్తే గింజ గింజగానే ఉండిపోయింది. చివరికి గడ్డి కూడా మొలవలేదు. గడ్డి మొలవని చేను ఆ ఊళ్ళో ఎవరి అనుభవంలోనూ లేదు. బీరయ్య తిరిగిన చేలన్నీ అంతే. ఈ ఏడు మంద పొలిమేరకు రాగానే ఊరంతా కర్రలతో ఎదురెళ్ళిందంటే వాళ్ళనేం అనగలం?

"ఏం చల్లారయ్యా మా చేలల్లో? నాకు మొగుడు లేడు, మొగపిల్లాడు లేడు, ఉన్నది ఆ చేనొక్కటే. దాన్ని కూడా చంపేశారు కదరా!" వెంకాయమ్మ ఈసారి శ్రీశైలం మీదికి వెళ్ళింది.

"మేమేం చల్లలేదమ్మా. మీరే మందులు ఎక్కువ కొట్టిన్రేమో" అన్నాడు శ్రీశైలం, కళ్ళు పక్కకి తిప్పుకుని.

తమ్ముడు అబద్ధమాడేటప్పుడు కళ్ళు పక్కకి పోతాయని రవళికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె వ్యాన్ వైపు చూసింది. వ్యాన్ పైకప్పు మీద నల్లగా మడత పెట్టి ఉంది గొంగడి. బీరయ్య భుజం మీది ఉన్ని గొంగడి కాదు. రవళి చేసిన గొంగడి.

ఆమె హైదరాబాదులో ఒక ప్రైవేటు పరిశోధనశాలలో పనిచేస్తుంది. శ్రీశైలం పెళ్ళయ్యాక అతని భార్య మంజుల "గొర్ల ఎనక నడుసుకుంట చేన్లల్ల పండుడు నాతోని కాదు" అని పుట్టింట్లో కూర్చుంది. మంద వదిలేస్తే బతుకు లేదు, మంద వెంట వెళితే పెళ్ళాం లేదు. తమ్ముడి గోడు వినలేక రవళి ఒక పాత వ్యాన్ కొనిచ్చి అందులో మంచం, పొయ్యి, ఫ్యాను, గొర్రెల మందులకి చిన్న ఫ్రిజ్ అన్నీ అమర్చింది. మరి కరెంటు? ఊరికి దూరంగా, తీగ కూడా కనపడని చేలల్లో ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని తన ప్రయోగంలో ఉన్న పట్టాని ఇచ్చింది.

నల్లటి పట్టా అది. మడిస్తే చంకలో పెట్టుకోవచ్చు, పరిస్తే పెళ్ళి జంపఖానా అంత ఉంటుంది. అడుగున ఉన్నిలాగా సన్నటి పోగులు వేలకొద్దీ ఉండి నేలను కరుచుకుంటాయి. పగలు ఎండనుంచి కరెంటు తీస్తుంది. రాత్రి కూడా తీస్తుంది, అదే దాని గొప్ప. నేలలోని వెచ్చదనానికీ, పైన ఆకాశం చల్లదనానికీ ఉన్న తేడానుంచి ఆ కరెంటు వస్తోందని లెక్క కట్టారు. దానికి గొంగడి అని పేరు పెట్టింది రవళే. మంజుల చంటిపిల్లాడిని ఎత్తుకుని వ్యానెక్కింది. ఫ్యాను కింద ఉయ్యాల ఊగింది. మంద చుట్టూ కట్టిన వలలో కరెంటు పారుతుంటే తోడేళ్ళు దగ్గరికి రాలేదు. శ్రీశైలం ముఖంలో నవ్వు చూసి రవళి ఎంత పొంగిపోయిందో చెప్పలేం.

పరిశోధనశాల మేడ మీద స్లాబుపై పరిస్తే ఆ పట్టా రాత్రంతా కలిపి ఒక బల్బు వెలిగేంత ఇచ్చేది. మంద మధ్య పరిస్తే వ్యాన్ మొత్తం నడిచి ఇంకా మిగిలేది. ఆ అంకెలు చూసి డైరెక్టర్ రామశేషు కుర్చీలోంచి లేచి "మీ నాన్నగారి గొర్రెలకి దండలెయ్యాలమ్మా!" అన్నారు. సరదాకి వ్యాన్లలో ఊళ్ళు తిరిగేవాళ్ళకి అమ్ముదామని, పట్టా అంచున ఒక దీపం పెట్టమన్నారు. నేలనుంచి కరెంటు ఎక్కువ వచ్చే చోట పచ్చగా, రాని చోట ఎర్రగా వెలగాలి, వాళ్ళకి మంచి చోటు వెతుక్కోవడం తేలిక. రవళి రెండు రోజులు కూర్చుని దాన్ని చేసి, తమ్ముడి దగ్గరున్న పట్టాకీ బిగించింది. స్లాబు మీద రానిది చేలో ఎందుకు వస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు. అందరూ సంబరపడుతున్నప్పుడు పానకంలో పుడకలా ఆ ప్రశ్న ఎవరేస్తారు? రవళి కూడా వెయ్యలేదు. చల్లగాలి కాబోలు అనుకుంది. గొర్రెల మధ్య పుట్టి పెరిగిన పిల్ల, మంద పెట్టిన నేలలో ఏముంటుందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు ముక్తేపాడు నడిబజారులో, కళ్ళలో మట్టి పెట్టుకుని, ఆ ఆలోచన వచ్చింది. ఆమె వ్యాన్ మీదికెక్కి పట్టా దింపింది.

"అమ్మా, మీ చేను చూపించండి" అంది వెంకాయమ్మతో.

"చూసి ఏం పీకుతావ్?"

"చూపించండి."

జనం వెంట నడిచారు. శ్రీశైలం పక్కకొచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, నువ్వేం జెప్పకు. నాకు నిరుడే డౌటొచ్చింది. పట్టా తీసిన చోట మట్టి తెల్లగ పొడిపొడి అయితుండె. నేనే నోర్మూసుకున్న. ఇది లేకుంటె మంజుల ఉండది, నీకెర్కలేదా? వానలు సరిగ పడలేదని జెప్తం. దండం పెడ్త."

"నాయినకి తెలుసా?"

"తెలిస్తె నన్ను బతకనిస్తడా?"

రవళి చేలోకి దిగి వంగి చూసింది. నల్లరేగడి ఎండితే పగుళ్ళిస్తుంది, నిగనిగలాడుతుంది. ఇది పొయ్యిలో బూడిదలా ఉంది. చేతిలోకి తీసుకుంటే మట్టివాసన లేదు. అసలు ఏ వాసనా లేదు.

ఆమె పట్టా విప్పి చేలో పరిచింది. దీపం ఎర్రగా వెలిగింది. గట్టు మీద, గడ్డి పెరిగిన చోట పరిచింది. పచ్చగా వెలిగింది. దాన్ని ఈడ్చుకుంటూ మళ్ళీ చేలోకి తెచ్చింది. ఎరుపు. గట్టు మీదికి. పచ్చ. తర్వాత ఊళ్ళోకి తిరిగొచ్చి, మంద కట్టేసిన కంప పక్కకి తీసుకెళ్ళి, ఆ ఉదయం గొర్రెలు పడుకుని లేచిన నేల మీద పరిచింది. ఆ దీపం ఎంత పచ్చగా వెలిగిందంటే ముందు వరుసలో వాళ్ళు కళ్ళు చికిలించారు. వెచ్చదనం కాదు, చల్లగాలీ కాదు. మట్టిలో కంటికి కనపడని కోటానుకోట్ల జీవాలుంటాయి, పేడని తిని పైరుకి అన్నం వండి పెట్టేది అవే. గొంగడి పోగులు వాటి ఊపిరిని లాగి కరెంటు చేస్తున్నాయి. అవి బాగా ఉన్న చోట బాగా తాగింది, అంతే. బీరయ్య రోజూ మందను జరుపుకుంటూ చేను నలుమూలలా ప్రాణం పోశాడు. మంద వెంట వ్యానూ జరిగింది. పోసిన ప్రాణాన్ని, అసలున్న దాంతో సహా, గొంగడి ఏ మూలా వదలకుండా పీల్చేసింది.

"ఏంటది? ఎరుపు, పచ్చ అంటూ ఏం గారడీ చేస్తున్నావ్?" అన్నాడు సర్పంచి.

శ్రీశైలం వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. రవళి తండ్రిని చూసింది. బీరయ్య మొదటిసారి తలెత్తి కూతుర్ని చూస్తున్నాడు. చెబితే మంద పోతుంది. తమ్ముడి కాపురం పోతుంది. చెప్పకపోతే ఇంకో ఊరు, ఇంకో చేను.

"తప్పు మాదే. వానలూ కాదు, మందులూ కాదు. ఈ పట్టా మీ మట్టిని చంపింది. దీన్ని చేసింది నేను. మా నాన్నకి తెలీదు" అంది.

 అందరి మాటలూ ఒకేసారి వచ్చాయి, వాటిలో ఇక్కడ రాయదగ్గవి తక్కువ. ఎవరో పట్టాని లాక్కుని కిరోసిన్ తెమ్మన్నారు. ఎవరో శ్రీశైలం చొక్కా పట్టుకున్నారు. బీరయ్య లేచి, కర్ర కింద పడేసి, జనం మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"నా మంద ఈ చేన్లనే ఉంటది" అన్నాడు. "గింజ అడగ. ఇంటికి పోను. మళ్ళ మొలకొచ్చెదాంక పెడ్త. ఎన్నేండ్లయితె అన్నేండ్లు. నేను సస్తె నా కొడుకు పెడ్తడు."

"నీ మంద నా చేలో అడుగు పెట్టడానికి వీల్లేదు!" అంది వెంకాయమ్మ.

"సచ్చిన చేన్ల గొర్రె పంటె ఇగ జెడేదేముందమ్మా?"

వెంకాయమ్మ పక్కకి జరిగి దారి వదిలింది. బీరయ్య కూతురి వైపు తిరిగాడు. "అబద్ధమాడలే. గది మంచిదే. ఇగ నువ్వు నాతోని మాట్లాడకు" అన్నాడు. గొంతు పెంచలేదు, అరిచి చెప్పి ఉంటే రవళి ఓర్చుకునేది.

రెండో రోజు మంజుల వ్యాన్ దిగి, పిల్లాడిని చంకనేసుకుని బస్సెక్కింది. వెళ్ళేముందు ఆడపడుచును నిలదీసింది. "నిజం జెప్పుమని ఎవ్వరడిగిన్రు వదినా నిన్ను? ఫ్యాను కావాలంటి, ఇచ్చినవ్. ఇప్పుడు చేను జంపిందంటివి. ఇచ్చెటప్పుడు సూస్కోవా?"  శ్రీశైలం అక్క ఎదురైతే పక్కకి తప్పుకుని పోయాడు.

రవళి హైదరాబాదు వెళ్ళి ఆ చచ్చిన మట్టి సంచి రామశేషు బల్ల మీద పెట్టింది. ఆయన మట్టిని వేలితో కూడా తాకలేదు. సంచి కింద న్యూస్ పేపర్ పరిచారు.

"చూడు రవళీ, మీ నాన్నగారు నెలల తరబడి చేలల్లో మకాం వేశారు. అది ప్రత్యేకమైన సందర్భం. మన కొనుగోలుదార్లు సరదాకి తిరిగేవాళ్ళు. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. ఒక్క రాత్రికి ఏమవుతుంది? భూమి చాలా పెద్దదమ్మా."

"మా నాన్న కూడా ఒక చోట ఒక్క రాత్రే ఉన్నాడు సార్. అదే నేను చెప్పేది. పైగా మనం దీపం పెట్టాం. ఎక్కడ మట్టి బాగుంటే అక్కడికే అది వాళ్ళని తీసుకెళుతుంది. చవిటి నేల మీద ఎవడూ పరచడు. వెతికి వెతికి మంచి చేల మీదే పరుస్తారు."

"దీపం నువ్వే పెట్టావు."

"అవును. ఇప్పుడు తీసెయ్యమంటున్నాను. పట్టా కింద పోగులు కత్తిరించేద్దాం. పగటి కరెంటు చాలదా?"

"పగటి కరెంటుకి మన పట్టా ఎందుకు? అది బజార్లో ఎవడైనా అమ్ముతాడు. వ్యానులో తిరిగేవాడు రాత్రి ఫ్యాను తిరగాలనే కదా మన దగ్గరికొచ్చేది?" ఆయన ఇక నవ్వడం మానేశారు. "మట్టి మన ఉత్పత్తిలో భాగం కాదు రవళీ. ఈ సంచి తీసుకెళ్ళు. గది పాడవుతోంది."

ఆ సాయంత్రమే ఆమె కార్డు గేటు దగ్గర పని చెయ్యడం మానేసింది. పేటెంటు సంస్థది, పట్టా సంస్థది, పేరు కూడా సంస్థే ఉంచుకుంది. తిట్టి రాసినా, బతిమాలి రాసినా పత్రికలవాళ్ళు పట్టించుకోలేదు. ఉద్యోగం పోయిన కోపంతో అంటోందని సంస్థ ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇక చెయ్యడానికేమీ కనపడక, రవళి బట్టలు సర్దుకుని ముక్తేపాడు వచ్చి, పాలకేంద్రం వెనక గది అద్దెకు తీసుకుని, మందకి నీళ్ళు మోయడం మొదలుపెట్టింది. తండ్రి వద్దనలేదు, రమ్మనలేదు. ఆమె తెచ్చిన నీళ్ళు గొర్రెలకి పెట్టాడు. వెంకాయమ్మ ఆమెను చూసినప్పుడల్లా ఉమ్మేసేది. ఊళ్ళోవాళ్ళకి అది అలవాటై, చివరికి తలతిప్పి చూడ్డం కూడా మానేశారు.

వానాకాలం వచ్చింది. పాలమూరు మందలన్నీ ఇళ్ళకి మళ్ళాయి. బీరయ్య మళ్ళలేదు. బురదలో గొర్రెల గిట్టలు చీము పట్టాయి, కొన్ని చచ్చాయి. శ్రీశైలం ఏడ్చాడు, తిట్టాడు, అయినా తండ్రిని వదిలిపోలేదు. ఊళ్ళోవాళ్ళకి కోపం తగ్గలేదు గానీ, వర్షంలో గొంగడి కప్పుకుని రాత్రికి రాత్రి మందను ఇంకో మూలకి జరుపుతున్న ముసలాయన్ని చూసి కర్రలు మాత్రం ఇంట్లో పెట్టారు. చేలో ఏమీ మొలవలేదు. రవళి రోజూ వెళ్ళి వంగి చూసేది. ఆమె నమ్మకం ఏనాడో పోయింది, చూడ్డం మాత్రం మానలేకపోయింది.

చలికాలం చివర్లో, ఈశాన్యం మూల, మంద అన్ని చోట్లకంటే ఎక్కువసార్లు పడుకున్న చోట గరిక లేచింది. పక్కనే వెంకాయమ్మ ఎవరికీ చెప్పకుండా చల్లిన జొన్న కూడా లేచింది. చాపంత మేర పచ్చదనం. వెంకాయమ్మ దాని ముందు చాలాసేపు కూర్చుంది. రవళి అటుగా వెళితే ఆ రోజు ఉమ్మలేదు, అంతకుమించి మర్యాదేమీ చెయ్యలేదు.

ఆ వారమే మొదటి వ్యాన్ వచ్చింది.

తెల్లటి కొత్త వ్యాన్. అందులోంచి ఒక కుర్రాడు, అతని భార్య దిగారు. కుర్రాడి చేతిలో నల్లటి మడత ఉంది. దాని అంచు నేలకి తాకించుకుంటూ, దీపం చూసుకుంటూ, గట్టు దిగి చేలోకి నడిచాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. ఈశాన్యం మూలకి రాగానే పచ్చ.

"ఇటు రా, ఇటు రా! దారంతా ఎక్కడా ఇంత పచ్చగా వెలగలేదు!" అని భార్యని కేకేశాడు.

రవళి నీళ్ళ బిందె వదిలేసి పరుగెత్తింది. "మడవండి. అది మడిచి లోపల పెట్టండి."

"ఏంటండీ? ఖాళీ చేనే కదా. పొద్దున్నే వెళ్ళిపోతాం. చెత్త కూడా వెయ్యం, కావాలంటే చూడండి, సంచి తెచ్చుకున్నాం." మంచివాడే. నవ్వుతూ సంచి చూపించాడు కూడా. రవళికి ఆ నవ్వు మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"ఒక్క రాత్రి పరిస్తే ఈ మట్టి చచ్చిపోతుంది."

"ఎవరు చెప్పారు? సంస్థ వాళ్ళు అలా ఏం రాయలేదే. ఈ చేను మీదా?"

"కాదు."

"మరి మీరెవరు?"

"నీ చేతిలో ఉన్నది చేసినదాన్ని."

అతను ఆమె మోకాళ్ళ దాకా అంటిన బురదనీ, తలకి చుట్టుకున్న గుడ్డనీ చూసి, భార్య వైపు చూసి, పాపం అన్నట్టు నవ్వాడు. మడత విప్పబోయాడు. రవళి దాని మీద కాలేసి తొక్కింది. ఈలోగా వెంకాయమ్మ కర్ర పట్టుకుని గట్టు దిగింది. వచ్చి రవళి పక్కన నిలబడింది, ఆమె వైపు మాత్రం చూడకుండా.

"దీని మాట నమ్మకపోతే మానెయ్" అంది కుర్రాడితో. "నా కర్రని నమ్ము."

కుర్రాడి ముఖం ఎర్రబడింది. పట్టా లాక్కుని వెనక్కి తగ్గాడు. "మమ్మల్నొక్కళ్ళని తరిమితే ఏమవుతుంది? మా వాళ్ళ వ్యాన్లు ఇంకా వెనకొస్తున్నాయి. అందరికీ దీపం ఇక్కడే చూపిస్తుంది. ఎంతమందిని కొడతారు?" వ్యానెక్కి తలుపు విసురుగా వేసుకున్నాడు. అయినా వ్యాన్ కదల్లేదు. రోడ్డు మీదే ఆగి, మిగిలిన వాళ్ళ కోసం చూస్తోంది.

అతనన్నది నిజం. రవళికి తెలుసు. తను పెట్టిన దీపం, తను చేసిన పోగులు, తను పెట్టిన పేరు. ఆ చాపంత పచ్చదనం కోసం తండ్రి ఏడాదిగా వానలో నానాడు. దాన్ని వెతికిపెట్టే పని మాత్రం ఆమె ముందే చేసి పెట్టింది. 

మంద దగ్గర్నుంచి బీరయ్య నడిచొచ్చాడు. రోడ్డు వైపు చూశాడు. దూరంగా దుమ్ము లేస్తోంది. భుజం మీది ఉన్ని గొంగడి తీసి ఒకసారి దులిపి, వ్యాన్లు చేలోకి దిగే దారికి అడ్డంగా పరిచాడు.

"కూసో" అన్నాడు.

ఏడాది తర్వాత తండ్రి ఆమెతో అన్న మొదటి మాట అది. రవళి కూర్చుంది. వెంకాయమ్మ కర్ర నేలకానించి వాళ్ళ ముందు నిలబడింది. దుమ్ము దగ్గరవుతోంది, ఒకటి కాదు, వరసగా చాలా వ్యాన్లు. బీరయ్య కాసేపు వాటిని చూసి, తర్వాత కూతుర్ని చూశాడు.

"జరంత జరుగు బిడ్డా" అన్నాడు. "నేను గూడ కూసుంట."